కుక్కను బోర్డింగ్‌లో వదిలే ముందు అక్కడి రాత్రి గురించి అడగండి

(హైదరాబాద్‌లో పెంపుడు కుక్కల యజమానుల కోసం చేసిన ప్రసంగం పాఠం. సభికుల ప్రశ్నలు కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

సంక్రాంతి దగ్గరకొచ్చింది. ఊళ్లకు వెళ్లేవాళ్లు రైలు టికెట్లు రెండు నెలల ముందే చేయించుకుని ఉంటారు. కుక్కను ఎక్కడ ఉంచాలన్నది మాత్రం చాలా ఇళ్లలో ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పటికి మంచి చోట్లన్నీ నిండిపోతాయి. ఖాళీ ఉన్న చోటే మంచి చోటని సర్దిచెప్పుకుని వదిలేసి వెళ్తాం. ఈ పరిస్థితి రాకూడదంటే కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టాలి. ఆ నెలన్నర ఎందుకో మాటల మధ్యలో మీకే తెలుస్తుంది.

డబ్బు తీసుకుని కుక్కల్ని తమ దగ్గర ఉంచుకునే బోర్డింగ్ వాళ్లు మనకు ముందు చూపించేది పచ్చిక, ఈతకొలను, బంతులతో ఆడుతున్న కుక్కల వీడియోలు. తప్పేం లేదు. కానీ ఆ ఆట రోజుకు రెండు మూడు గంటలే. కుక్క ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా రాత్రి పదికీ పొద్దున ఆరుకీ మధ్య. ఆ ఎనిమిది గంటలు అక్కడ ఎవరుంటారు, ఎంత దూరంలో పడుకుంటారు, మొరిగితే వినపడుతుందా, జబ్బు చేస్తే ఏ డాక్టరు దగ్గరికి ఏ బండిలో తీసుకెళ్తారు? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వచ్చిన చోటును మాత్రమే తర్వాతి పరీక్షకు తీసుకోండి. "సీసీ కెమెరాలు ఉన్నాయండీ" అన్నది జవాబు కాదు. కెమెరా కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి మెలిపడిపోయే జబ్బు ఒకటుంది. లాబ్రడార్లకూ వస్తుంది. రాత్రి తిండి గబగబా తినేసి వెంటనే పరుగెత్తిన కుక్కలో వచ్చే అవకాశం ఎక్కువ. పొట్ట బిర్రుగా అవుతుంది, వాంతికి ఓకరిస్తుంది కానీ ఏమీ బయటికి రాదు, చొంగ కారుతుంది, ఒక చోట నిలవలేదు. గంటల్లో ఆపరేషన్ జరగాలి. రాత్రి పదకొండింటికి మొదలైతే, పొద్దున తాళం తీసి చూసే చోట ఆ కుక్క బతికి ఉండదు. అందుకే మనిషి అక్కడే పడుకోవాలి, ఆ మనిషికి ఈ గుర్తులు తెలిసి ఉండాలి అంటున్నాను. మీరు వెళ్లినప్పుడు యజమానిని కాదు, రాత్రి కాపలా ఉండే కుర్రాణ్ని పక్కకు పిలిచి అడగండి: "తమ్ముడూ, కుక్క ఓకరిస్తోంది, వాంతి రావట్లేదు, నువ్వేం చేస్తావు?" అని. జీలకర్ర నీళ్లు పడతానంటే అక్కడ వదలకండి.

నగరంలో పెద్ద కేసులకు నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయని చాలామందికి తెలుసు. రాత్రి రెండింటికి తమ దగ్గర్లో తెరిచి ఉండే క్లినిక్ ఏదో బోర్డింగ్ వాళ్లకు తెలుసా? మొయినాబాద్, శంకర్‌పల్లి, మేడ్చల్ వైపు ఉన్న ఫాంహౌస్ బోర్డింగ్‌లలో ఇది మరీ ముఖ్యం. స్థలం విశాలంగా ఉంటుంది, గాలి బాగుంటుంది, కానీ క్లినిక్ ముప్పావుగంట దూరం. రాత్రి అక్కడ ఉండే మనిషికి కారు ఉందా, నడపడం వచ్చా అని తప్పక కనుక్కోండి. బైకు మీద నలభై కిలోల కుక్కను తీసుకెళ్లలేరు.

ఇప్పుడు అసలు మీ కుక్కకు బోర్డింగ్ పనికొస్తుందా అన్నది చూద్దాం. కుక్కపిల్లలకు చివరి విడత వ్యాక్సిన్ పదహారు వారాల వయసులో గానీ, ఆ తర్వాత గానీ పడాలి. అది పడకముందు ఎంత మంచి చోటైనా వదలకండి. పార్వో అనే వైరస్ జబ్బు వస్తే చిన్న కుక్కపిల్ల తట్టుకోవడం కష్టం. కళ్లు సరిగ్గా కనపడని ముసలి కుక్కలు, గుండె జబ్బు ఉన్నవి, ఫిట్స్ వచ్చేవి, మనుషుల్ని చూసి మరీ బెదిరేవి ఇంట్లోనే ఉంటే మేలు. తెలిసిన మనిషి వచ్చి రాత్రి ఇంట్లోనే పడుకునేలా ఏర్పాటు చేసుకోండి. రోజుకు రెండుసార్లు వచ్చి అన్నం పెట్టి పోయే ఏర్పాటు ఒక రోజుకు సరిపోతుందేమో గానీ, వారానికి సరిపోదు. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని చోట ఉంచకండి.

చోటును చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి? ముందు చెప్పి, పొద్దున పది గంటలకు వెళ్తే అంతా కడిగి శుభ్రంగా ఉంటుంది. వేసవిలో అయితే మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. మిగతా కాలంలో చీకటి పడ్డాక, తిండి పెట్టే వేళకు వెళ్లండి. కుక్కలు పడుకునే గదులు చూపించమనండి. "లోపలికి రానివ్వం, కుక్కలు డిస్టర్బ్ అవుతాయి" అన్నారనుకోండి, ఆట స్థలం చూసి మురిసిపోకుండా తిరిగి వచ్చేయండి.

లోపల పైకప్పు చూడండి. రేకుల షెడ్డు మే నెలలో పొయ్యి మీద పెనం. కింద ఫ్యాను తిరిగినా వేడిగాలినే తిప్పుతుంది. రేకు ఉంటే దాని కింద ఫాల్స్ సీలింగో, పైన గడ్డి కప్పో, తెల్లరంగో ఉండాలి. కూలర్ ఎండ పొడిగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వానలు మొదలై ఉక్కపోత వచ్చాక పనిచేయదు. కరెంటు పోతే ఏసీ జనరేటర్ మీద నడుస్తుందా, లేక ఇన్వర్టర్ మీద లైట్లూ ఫ్యాన్లే నడుస్తాయా అడగండి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే వడదెబ్బ కిందే లెక్క. అప్పుడు ముందు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, వేడి 103.5కు దిగాక తడపడం ఆపాలి. తడపడం మొదలుపెట్టాకే బండెక్కించాలి. తడి గుడ్డ కప్పి కారులో పడుకోబెడితే లోపలి వేడి బయటికి పోదు. ఈ వరుస అక్కడి వాళ్లకు తెలుసా, వాళ్ల దగ్గర కనీసం ఒక థర్మామీటర్ ఉందా?

గది విషయం. కుక్క తల ఆనకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. లాబ్రడార్ సైజు కుక్కకు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు కన్నా తక్కువైతే నేను ఒప్పుకోను. రోజులో ఎక్కువసేపు గదిలోనే ఉంచేట్టయితే అదీ చాలదు. గదికీ గదికీ మధ్య కనీసం నాలుగడుగుల గోడ ఉండాలి, వట్టి జాలీ కాదు. జాలీ అయితే పక్క కుక్క మూతి తగులుతుంది, దగ్గు అంటుకుంటుంది, రాత్రంతా ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతాయి. కాలవ ఎటు పోతుందో చూడండి. ఒక గది కడిగిన నీళ్లు పక్క గదిలోంచి పారితే ఒక కుక్క మోషన్స్ పది కుక్కలకు చేరతాయి.

గేట్లు రెండు ఉండాలి. బయటి గేటు మూశాకే లోపలి గేటు తీయాలి. ప్రహరీ ఆరడుగులకు తగ్గకూడదు, అడుగున మట్టి తవ్వి దూరే సందు ఉండకూడదు. మన దేశీ కుక్కలకు ఆరడుగుల జాలీ ఎక్కడం పెద్ద పని కాదు, వాటికి జాలీ కన్నా గోడ మేలు. కుక్కలు తప్పించుకునేది ఎక్కువగా మొదటి రోజు, కారు దిగిన నిమిషాల్లోనే. మెడకు బెల్టు, ఒంటికి హార్నెస్, రెండింటికీ విడివిడిగా తాడు పెట్టి దించండి. బెల్టు బిళ్ల మీద మీ నంబరుతో పాటు, మీరు లేనప్పుడు ఊళ్లో ఉండే మనిషి నంబరు కూడా ఉండాలి. విమానంలో ఉన్న మనిషికి ఫోన్ చేసి లాభం లేదు. పదిహేను అంకెల మైక్రోచిప్ వేయించి ఉంటే ఆ నంబరు రాసిపెట్టుకోండి.

నగరం బయటి చోట్లకు పాముల గురించి ఒక మాట. రాళ్ల కుప్పలు, ఏపుగా పెరిగిన గడ్డి, ఎలుకలు ఉన్న చోట పాము ఉంటుంది. మనుషులకు వాడే పాలీవాలెంట్ విరుగుడు మందే కుక్కలకూ వాడతారు, అది నాగుపాము, కట్లపాము, రక్తపింజరతో సహా నాలుగు రకాల విషానికి పనిచేస్తుంది. ఆ మందు ఏ క్లినిక్‌లో నిల్వ ఉంటుందో బోర్డింగ్ వాళ్లు ముందే కనుక్కుని ఉండాలి.

ఇక అంటువ్యాధుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. బోర్డింగ్ నుంచి ఇంటికొచ్చాక జరిగే నష్టంలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

మొదటి పరీక్ష చాలా సులువు. మీరు ఫోన్ చేసినప్పుడు వాళ్లు మీ కుక్క వ్యాక్సిన్ పుస్తకం అడిగారా? అడగలేదంటే పక్క గదిలో కుక్కదీ అడగలేదని అర్థం. పుస్తకంలో తేదీ ఒక్కటే ఉంటే చాలదు. మందు సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మంచి చోట్ల వాళ్లు అవన్నీ చూసి, ఫొటో తీసి పెట్టుకుంటారు. మిమ్మల్ని అలా ఇబ్బంది పెట్టే చోటును గౌరవించండి.

ఏవేం కావాలి? రేబిస్ టీకా ఏడాది లోపు వేసి ఉండాలి. మొదటిసారి వేయిస్తుంటే రక్షణ పూర్తిగా రావడానికి 28 రోజులు లెక్కపెట్టుకోండి. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరా కలిసిన టీకా కూడా ఏడాది లోపుదే కావాలి. లెప్టో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వస్తుంది, మనుషులకూ అంటుతుంది, కాబట్టి వానాకాలంలో బోర్డింగ్ అంటే అది తప్పనిసరి. చాలామంది వదిలేసేది కెన్నెల్ కాఫ్ టీకా, అంటే కుక్క నుంచి కుక్కకు అంటుకునే దగ్గుకు వేసేది. ముక్కులో వేసే రకం మూడు రోజుల్లో పనిచేయడం మొదలవుతుంది, వారం ముందు వేయిస్తే నిశ్చింత. ఇంజెక్షన్ రకమైతే మొదటిసారి రెండు డోసులు, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో. ఆ పైన ఇంకో వారం. నెలన్నర ముందు మొదలుపెట్టమన్నది ఇందుకే. టీకా వేయించినా దగ్గు అసలు రాదని కాదు, వచ్చినా తేలిగ్గా పోతుంది.

రెండోది శుభ్రం చేసే పద్ధతి. మన దగ్గర నేల తుడవడమంటే ఫినాయిల్. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి క్రిములు చచ్చాయనుకుంటాం. పార్వో వైరస్ ఫినాయిల్‌కు నమ్మకంగా చావదు. నేల మీద నెలల తరబడి బతుకుతుంది. దానికి బ్లీచ్ కావాలి. ఇంట్లో వాడే అయిదు శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరు నీళ్లకు ముప్పై మిల్లీలీటర్ల పైచిలుకు, అంటే ముప్పైకి ఒక వంతు. ముందు మలమూత్రాలు తీసేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ బలం అక్కడే ఖర్చయిపోతుంది. పొద్దున కలిపిన నీళ్లు ఆ రోజుకే పనికొస్తాయి. బాత్రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. కడిగే మనిషిని "ఏం వేసి కడుగుతారు, ఎంతసేపు ఉంచుతారు" అని అడిగితే రెండు నిమిషాల్లో ఆ చోటు సంగతి తేలిపోతుంది. పచ్చిక బయలును మాత్రం ఎవరూ బ్లీచ్‌తో కడగలేరు. కాబట్టి అంతకుముందు అక్కడ పార్వో కేసు వచ్చిందా అని మొహమాటం లేకుండా అడగండి. "వచ్చింది, ఆ మడిని మూసేశాం" అన్నవాళ్లను నేను నమ్ముతాను.

మూడోది గోమార్లు. పిడుదులు అనండి, టిక్స్ అనండి, హైదరాబాద్ కుక్కలకు ఏడాది పొడుగునా ఉండే బెడద ఇది. మన కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి గోడ పగుళ్లలో, గది కప్పు మూలల్లో, చెక్క తలుపు సందుల్లో దాక్కుంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కలకు స్నానాలు చేయిస్తే సరిపోదు, గోడలకు మందు కొట్టాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోన్ టార్చి వేసి గది మూలలు, తలుపు మడతబందుల దగ్గర చూడండి. ఒక్కటి నడుస్తూ కనపడినా అక్కడ వందలున్నాయనుకోండి. వీటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం రావొచ్చు. బబీసియా అనే క్రిమి వల్ల వచ్చే రకమైతే మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది.

నివారణకు నెలకొకటి ఇచ్చే మాత్ర ఉంది, పన్నెండు వారాలు పనిచేసేది కూడా ఉంది. బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందు, తిండితో పాటు ఇవ్వండి. అప్పటికి వాంతి చేసుకుంటే తెలుస్తుంది. గోమారి కుట్టి రక్తం తాగితేనే ఈ మాత్ర దాన్ని చంపుతుంది, టిక్ ఫీవర్ క్రిమి మాత్రం కొన్ని గంటల్లోనే కుక్క ఒంట్లోకి ఎక్కగలదు. కాబట్టి మాత్ర ఇచ్చాం కదా అని గోమార్లున్న చోట వదలకూడదు. ఫిట్స్ వచ్చే కుక్కకు ఈ రకం మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.

ఆటలకు వదలడం గురించి. పది కుక్కలకు ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. చిన్నవీ పెద్దవీ వేరువేరుగా వదలాలి. నాలుగు కిలోల పొమెరేనియన్‌ను ముప్పై కిలోల కుక్క ఆటకు పట్టి విదిలించినా వెన్ను విరుగుతుంది. తిండి గిన్నెలు, ఎముకలు గుంపులో పెట్టకూడదు. పోట్లాటలు ఎక్కువ జరిగేది అక్కడే. పండగ రోజుల్లో ఎన్ని కుక్కల్ని తీసుకుంటారో, పనివాళ్లలో ఎంతమంది ఊరికి పోతారో కూడా అడగండి. సంక్రాంతికి కుక్కలు రెట్టింపై, పనివాళ్లు సగమయ్యే చోట్లు ఉంటాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే చివరిసారి ఎదకు వచ్చిన తేదీ చూసుకోండి. సాధారణంగా ఆరేడు నెలలకోసారి వస్తుంది, దాదాపు మూడు వారాలు ఉంటుంది. ప్రయాణం ఆ రోజుల్లో పడేట్టుంటే బోర్డింగ్ వద్దు. "వేరే గదిలో పెడతాం" అన్న హామీ సరిపోదు, మగకుక్కలు గ్రిల్ సందులోంచి కూడా జతకట్టగలవు.

తిండి విషయంలో నా పట్టుదల ఒకటే: ఇంట్లో తినేదే అక్కడా తినాలి. తిండి మారితే రెండో రోజుకో మూడో రోజుకో మోషన్స్ పడతాయి. అప్పుడు అక్కడివాళ్లు "తిండి మారింది కదండీ" అని తేలిగ్గా తీసుకుంటారు, కానీ అది పార్వో కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మన తిండే పంపితే ఆ సాకు ఉండదు, మోషన్స్ వస్తే వెంటనే డాక్టరుకు చూపిస్తారు. పది రోజులకు రెండు పూటల చొప్పున ఇరవై పొట్లాలు తూకం వేసి కట్టండి, ఇంకో ఆరు ఎక్కువ పెట్టండి. రైలు ఆలస్యం కావొచ్చు. "ఒక కప్పు" అని చెప్పకండి, వాళ్ల కప్పు వేరు. ఇంట్లో చికెన్ అన్నమో పెరుగన్నమో తినే కుక్క అయితే అక్కడ రోజూ వండుతారా, ఫ్రిజ్ ఉందా అడగండి. లేదంటే ప్రయాణానికి పది రోజుల ముందు నుంచే కొద్దికొద్దిగా డ్రై ఫుడ్ అలవాటు చేయండి. పాతదాంట్లో పావు వంతు, రెండు మూడు రోజులకు సగం, ఆ తర్వాత ముప్పావు. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టొద్దని రాసివ్వండి. ప్రేమతో పెట్టే పనివాళ్లు ఉంటారు, వాళ్లకు తెలియకపోవచ్చు.

మందులుంటే మాత్రల పట్టీని డాక్టరు చీటీతో సహా ఇవ్వండి, విడిమాత్రలు కవరులో పోసి ఇవ్వొద్దు. ఫిట్స్ మందు పన్నెండు గంటలకోసారి అంటే అంతే, ఒక పూట తప్పితే ఫిట్స్ రావొచ్చు. ఇన్సులిన్ తీసుకునే కుక్కను, సూది వేయడం మీ కళ్లముందు చేసి చూపించగలిగిన మనిషి ఉంటే తప్ప వదలకండి.

కాగితం తప్పకుండా రాసుకోండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ఇరుకు బోనులో పెట్టడం, పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టేయడం నేరమంటుంది. కానీ మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. దానికి భయపడేవాళ్లెవరు? మీకు అక్కరకొచ్చేది రాతపూర్వక ఒప్పందం. కుక్క ఫొటో, బరువు, వచ్చే తేదీ, పోయే తేదీ, రోజుకు ఎంత, రోజంటే ఇరవై నాలుగు గంటలా లేక క్యాలెండర్ తేదీయా, పండగ రేటు ఎంత, ఇవి మామూలువి. అసలైనది వైద్యం పేరా. జబ్బు చేస్తే ఎంతసేపట్లో మీకు చెప్తారు, మీరు అందకపోతే ఎవరి మాట వింటారు, ఎంత మొత్తం వరకు అడగకుండా ఖర్చు పెట్టొచ్చు, ఏ క్లినిక్. "ఖర్చుకు వెనకాడం, ఆపరేషన్ అవసరమైతే చేయించండి" అని మీరు రాసి సంతకం పెట్టి ఉంటే డాక్టరు అర్ధరాత్రి మీ ఫోన్ కోసం ఆగక్కర్లేదు. "కుక్కకు ఏం జరిగినా మాకు బాధ్యత లేదు" అన్న వాక్యం మీద సంతకం పెట్టకండి, కొట్టేయించండి. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. రెండేళ్ల లోపు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి.

ఇవన్నీ సరిపోయాక కూడా ఒక్కసారిగా పది రోజులు వదలొద్దు. ముందు సగం రోజు, తర్వాత ఒక రాత్రి ఉంచి చూడండి. తీసుకొచ్చాక కుక్కే చెప్తుంది. గొంతు బొంగురు పోతే రాత్రంతా మొరిగింది. ముక్కు పైన చర్మం గీరుకుపోతే బోను ఊచలకు రాసుకుంది. పాదాల మెత్తలు ఎర్రగా పుండైతే సిమెంటు నేల మీద కంగారుగా తిరుగుతూ ఉంది. ఇంటికి రాగానే గిన్నెడు నీళ్లు ఆపకుండా తాగితే నీళ్లు సరిగ్గా పెట్టలేదని అనుమానించాలి. రెండోసారి అదే గేటు దగ్గరకు తీసుకెళ్లినప్పుడు తోక ఆడిస్తుందా, కారు సీటు కిందికి దూరుతుందా చూడండి.

వదిలే రోజు పొద్దున పూటే వదలండి, చీకటి పడేలోపు చోటు అలవాటవుతుంది. ఉతకని పాత దుప్పటి ఒకటి ఇవ్వండి, మీ వాసన ఉంటుంది. గేటు దగ్గర హత్తుకుని ఏడవకండి. మీ కంగారు దానికి అంటుకుంటుంది.

రోజూ ఫొటో పంపమని అడుగుతాం. ఫొటో కన్నా నాలుగు ముక్కలు రాయించుకోండి: రెండు పూటలా ఎంత తిన్నది, మోషన్ ఎలా ఉంది, మందు వేశారా, వాంతి ఏమైనా ఉందా. మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజు కూడా ముట్టకపోతే, లేదా తినకపోవడంతో పాటు వాంతి, రక్తం కలిసిన మోషన్, తెల్లబడ్డ చిగుళ్లు కనపడితే అదే గంటలో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

(సభికుల ప్రశ్నలు)

*మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకావిడ ఇంట్లో ఉంచుకుంటానంటున్నారు. అది మంచిదేనా?*

చాలా కుక్కలకు అదే మంచిదమ్మా. ఇంటి వాతావరణం, రాత్రి మనిషి పక్కనే. కానీ బాల్కనీకి వల ఉందా, తలుపు తీయగానే లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తకుండా లోపల ఇంకో గేటు ఉందా చూడండి. ఆవిడ ఉద్యోగానికి వెళ్తే పగలు ఎవరుంటారు? ఒకేసారి ఎన్ని కుక్కల్ని పెట్టుకుంటారు? రెండు బెడ్‌రూంల ఇంట్లో మూడు అతిథి కుక్కలంటేనే ఎక్కువ. వ్యాక్సిన్ పుస్తకం ఆవిడా అడగాలి, పరిచయం ఉందని వదిలేయకూడదు.

*భయపడకుండా నిద్రమాత్ర వేసి వదలొచ్చా సార్?*

మీ అంతట మీరు వద్దు. కొన్ని పాత మందులు ఒంటిని కదలకుండా చేస్తాయి గానీ లోపలి భయం తగ్గించవు. పటాకులకో ప్రయాణానికో భయపడే కుక్కకు డాక్టరు రాసే మందులు వేరే ఉన్నాయి. అవి కూడా ముందు ఇంట్లో ఒకసారి ఇచ్చి ఎలా పడుతుందో చూడాలి. ఇంట్లో మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి సంచిలో పెట్టి పంపకండి. అవి కుక్కకు ప్రమాదం.

*మేం మూడు వారాలు అమెరికా వెళ్తున్నాం. ఏం జాగ్రత్త?*

అక్కడ మీకు రాత్రి అయితే ఇక్కడ పగలు. కాబట్టి నిర్ణయం తీసుకునే మనిషి హైదరాబాద్‌లోనే ఉండాలి, ఒప్పందంలో వారి పేరు ఉండాలి, కుక్కకు వాళ్లు పరిచయమై ఉండాలి. వారానికోసారి వాళ్లు చెప్పకుండా వెళ్లి చూడాలి, బరువు తూయించాలి. ముప్పై కిలోల కుక్క మూడు కిలోలు తగ్గిందంటే ఏదో తేడా ఉంది, పరీక్ష చేయించాలి. గోమార్ల మాత్ర గడువు ఆ మూడు వారాల మధ్యలో ముగుస్తుందేమో లెక్క చూసుకోండి.

*తిరిగొచ్చాక ఏం చూడాలి?*

మొదటి రోజు నీళ్లు, తిండి కొద్దికొద్దిగా పెట్టండి. ఒకట్రెండు రోజులు ఎక్కువగా నిద్రపోతే కంగారు పడక్కర్లేదు. అదే సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, బెల్టు కింద, తోక మొదట్లో వేలితో తడిమి గోమార్లు వెతకండి. దొరికితే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి, చేత్తో నలపకండి. ఇంట్లో కుక్కపిల్ల గానీ, ముసలి కుక్క గానీ ఉంటే రెండు వారాలు విడిగా ఉంచండి. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గితే కెన్నెల్ కాఫ్ కావొచ్చు. పార్కుకు తీసుకెళ్లకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, క్లినిక్‌లో కూడా మిగతా కుక్కల మధ్య కూర్చోబెట్టొద్దు. టిక్ ఫీవర్ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టొచ్చు. ఆ మూడు వారాల్లో కుక్క నీరసంగా పడుకుని తిండి మానేస్తే, ఒళ్లు 103 దాటితే "వాతావరణం మారింది" అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్ల సంఖ్య చూడమనండి. బోర్డింగ్‌లో ఉండి వచ్చిందని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో డాక్టరుకు మొదటే చెప్పండి. జబ్బు అని తేలితే బోర్డింగ్ వాళ్లకూ ఫోన్ చేసి చెప్పండి, ఆ వారం అక్కడున్న మిగతా కుక్కల ఇళ్లకు వాళ్లు కబురు పెట్టాలి.